జాడలో పట్టని చక్రాలు

మా బావగారు జీపుకి కొత్త టైర్లు వేయించుకొచ్చిన రోజు నేను తలుపు వెనక ఉన్నాను. అలా నిలబడడం అప్పటికి నాకు పదహారేళ్ళ అలవాటు. మా వారి అన్నగారు వాకిట్లో ఉంటే చిన్నకోడలు గడప దాటి రాకూడదు. ఆయనతో నేరుగా మాట్లాడకూడదు. చెప్పాల్సిందేదైనా ఉంటే మా వారికి చెప్పాలి, మా వారు అన్నగారికి చెబుతారు. అన్నగారి జవాబు నాకు మూడడుగుల దూరంలో స్పష్టంగా వినిపించినా, అది మా వారి నోటి మీదుగా తిరిగి వచ్చేదాకా నేను విననట్టే. దాన్ని మేం మర్యాద అనేవాళ్ళం.

తలుపు సందులోంచి చూశాను. నాలుగు చక్రాలూ మడ్‌గార్డులు దాటి బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. వెండి పళ్ళేల్లా మెరిసే రిమ్ములు, వాటి చుట్టూ మద్దెలంత వెడల్పు టైర్లు. ఊళ్ళో సగం మంది మా వాకిట్లోనే ఉన్నారు. “ఏనుగులా ఉందండీ!” అన్నారెవరో. బావగారు మీసం మీద చెయ్యి వేసుకుని నవ్వారు. నాకు ఒళ్ళంతా మంట పుట్టింది. నేను అడిగినవి అవి కావు. నేను వద్దన్నవే ఏరి తెచ్చినట్టున్నాయి.

ఆ జీపు ఎందుకు కొన్నామో చెబితే గాని ఆ మంట అర్థం కాదు.

మా ఊరు కోనసీమలో ఒక మురుగు కాలువ చివర ఉంది. తారురోడ్డు ఎక్కాలంటే నాలుగు కిలోమీటర్లు ఆ కాలువ గట్టు మీద వెళ్ళాలి. నల్లమట్టి గట్టు. ఎండాకాలం సిమెంటులా ఉంటుంది, నాలుగు చినుకులు పడ్డాయంటే కాలికి చెప్పు నిలవదు. మా అమ్మాయి టౌన్లో హైస్కూలుకి వెళ్ళేది. గట్టు ఎండితే రోడ్డు దాకా సైకిలు, అక్కణ్ణించి బస్సు. తడిస్తే సెలవు. తొమ్మిదో తరగతిలో వానాకాలమంతా సెలవే అయింది. వేసవి సెలవులకి ముందు హెడ్‌మిస్ట్రెస్ గారు నన్ను పిలిపించి, “పదో తరగతిలో కూడా ఇలాగే అయితే హాజరు చాలదమ్మా. పరీక్షకి పంపడం నా చేతుల్లో ఉండదు” అన్నారు. మంచి మనిషి. ముందే చెప్పినందుకు ఆవిడకి ఇప్పటికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

ఇంట్లో ఆ మాట చెప్పాను, అదీ మా వారి మీదుగానే. రెండ్రోజులు ఆలోచించి బావగారు తీర్పు చెప్పారు.

“ఒరేయ్, సెకండ్ హ్యాండులో ఓ జీపు చూద్దాం. పొలానికీ పనికొస్తుంది, పిల్లనీ రోడ్డు మీద దింపొచ్చు. ఈ వానాకాలం బండి తిరిగిందా, సరే, బడికి వెళ్తుంది. తిరగలేదనుకో, ఇంట్లోనే చదువుకుంటుంది. మీ ఆవిడ చదువుకోలేదేంటి ఇంట్లో? ఉత్తరాలు రాస్తుంది, పంచాంగం చూస్తుంది. ఆడపిల్లకి ఇంకేం కావాలి?”

నిజమే, నేను బడికి వెళ్ళలేదు. మా పుట్టింటికీ బడికీ మధ్య ఒక పంటకాలువ, దాని మీద ఒక తాటిదుంగ ఉండేవి. ఆడపిల్ల రోజూ దుంగ దాటి ఏం వెళ్తుందిలే అనుకున్నారు. నాన్నగారే ఇంట్లో పలక పట్టించారు. తెలుగు, లెక్కలు, చివర్లో ఇంగ్లీషు అక్షరాలు. ఆయన మేలు ఈ జన్మకి మరిచిపోలేను. పొద్దున్నే దీపం పెట్టి దేవుడి తర్వాత తలుచుకునేది ఆయన్నే. కానీ పక్కింటి పిల్లలు పలకలు ఊపుకుంటూ ఆ దుంగ దాటి వెళ్తుంటే అరుగు మీద కూర్చుని చూసింది కూడా నేనే. అలా కూర్చున్న నన్నే చూపించి నా కూతుర్ని కూర్చోబెడతామంటున్నారు.

జీపు జంగారెడ్డిగూడెం వైపు, ఆయిల్ పామ్ తోటలున్న ఒకాయన దగ్గర దొరికింది. తోటల్లో గోతులకి తట్టుకోవాలని ఆయన బండి బరువు మోసే స్ప్రింగు కమాన్ల కింద దిమ్మలు పెట్టించి బండిని జానెడు పైకి లేపించాడు. ఎక్కాలంటే నాకు పీట వేయాల్సి వచ్చేది. అయినా ఆ ఎత్తు నాకు నచ్చింది. మా గట్టుకి రెండు చోట్ల మోకాలి లోతు నీళ్ళు అడ్డంగా పారతాయి, అంత ఎత్తయితే ఇంజనుకి తగలవు. టైర్లు మాత్రం పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. సన్నటి పాతకాలపు టైర్లు, నల్ల రంగు వేసిన ఇనప రిమ్ములు.

ఏ టైర్లు వేయించాలో నాకు తెలుసు. గొప్పకి చెప్పడం లేదు. పదహారేళ్ళు ఆ గట్టు మీద నడిచాను. ఎడ్లబండ్లు తొక్కి తొక్కి గట్టు పొడుగునా రెండు లోతు జాడలు పడ్డాయి. వాన పడితే జాడల్లో నీళ్ళు నిలుస్తాయి గాని అడుగు గట్టిగానే ఉంటుంది, ఎన్నో ఏళ్ళుగా తొక్కిన మట్టి కదా. జారుడంతా జాడకి పక్కలా, మధ్యలోనూ. సన్న చక్రమైతే జాడలోకి దిగి అడుగుని పట్టుకుంటుంది. బండి చక్రం అంత ఎత్తుగా, అంత సన్నగా ఎందుకుంటుందని చిన్నప్పుడు అడిగితే నాన్నగారు నాకు చెప్పిన సంగతే ఇది. అయినా అనుమానం ఎందుకని జాకెట్లు కుట్టే టేపు పట్టుకెళ్ళి జాడ కొలిచాను. అడుగున ఏడంగుళాలు ఉంది.

భోజనాల దగ్గర మా వారికి చెప్పాను. “ఏవండీ, సన్న టైర్లే వేయించండి. ఏడంగుళాలు మించకూడదు. ఆ పాత రిమ్ములు మార్చకండి, వాటికి పట్టేవే తీసుకోండి. బటన్లు లోతుగా, ఎడం ఎడంగా ఉండాలి, మధ్యలో మట్టి ఇరుక్కోకుండా.” టైరు మీద ఎత్తుగా ఉండే కట్లని మా వైపు బటన్లంటారు.

“చెబుతాలే.”

“చెప్పడం కాదండీ, రాశాను. ఈ చీటీ అన్నగారి చేతికివ్వండి.”

“చీటీ ఏంటే, కిరాణా కొట్టుకా?” అని నవ్వి జేబులో పెట్టుకున్నారు.

అన్నదమ్ములిద్దరూ రాజమండ్రి వెళ్ళొచ్చిన మర్నాడు చొక్కా ఉతుకుతుంటే ఆ చీటీ ముద్దయి నా చేతికొచ్చింది. జేబులోంచి బయటికే రాలేదు. అన్నగారి ముందు నోరు పెగలక, “మా ఆవిడ మంచివి వేయించమంది” అని ఊరుకున్నారట. కొట్టువాడు “ఎత్తు బండికి వెడల్పు టైరే అందమండీ” అన్నాడట. ఆ వెడల్పు టైర్లు పాత రిమ్ములకి పట్టవు కాబట్టి కొత్త రిమ్ములు కూడా అంటగట్టి, పాతవి వాడే ఉంచేసుకున్నాడు.

టైర్లతో వచ్చిన రోజే, బండి వాకిట్లో ఆగీ ఆగకముందే, బావగారు పూజ అన్నారు. మా వారు లోపలికి కొబ్బరికాయల కోసం వచ్చారు.

“ఏవండీ, ముందు ఒక్కసారి గట్టు మీద నడిపి చూడండి. పూజ తర్వాత చేయిద్దాం.”

“పూజ కాకుండా కొత్త చక్రం మట్టి తొక్కుతుందేంటే? నువ్వే ఇలా మాట్లాడితే ఎలా?”

నిజంగానే మా వైపు ఎవరూ అలా చెయ్యరు. కొత్త బండయినా, కొత్త చక్రమయినా ముందు స్వామి దగ్గరికి వెళ్ళాల్సిందే. ఆంజనేయస్వామి గుడి ముందు నాలుగు టైర్లకీ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, చక్రానికో నిమ్మకాయ తొక్కించారు. నేను ఆడవాళ్ళ వెనక నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. నా అనుమానం తప్పని తేల్చు స్వామీ అని అడిగాను. అంత మనస్ఫూర్తిగా నేనెప్పుడూ ఓడిపోవాలని కోరుకోలేదు.

ఆ ఏడు వానలు ఆలస్యమై అప్పటిదాకా గట్టు తడవలేదు. టైర్లు వేయించి పది రోజులు కాకుండానే క్వార్టర్లీ పరీక్షల్లో లెక్కల రోజు వచ్చింది. తెల్లవారుజాము నించీ వాన. ఎనిమిదింటికి మా వారు జీపు తీశారు. అమ్మాయి ఇస్త్రీ బట్టలతో, పరీక్ష అట్ట ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. నేను గొడుగు వేసుకుని వీధి చివరిదాకా వెళ్ళాను.

ఫర్లాంగు కూడా పోలేదు. అంత వెడల్పు చక్రం జాడలో పట్టక, జాడ అంచుల మీద కూర్చుంది. బటన్ల సందుల్లో మట్టి నిండి టైరు నున్నటి దిమ్మలా తయారయింది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం ముందుకి పోకుండా పీతలా పక్కకి, కాలువ వైపు నడుస్తోంది. పొడుచుకొచ్చిన ఎడమ చక్రం గట్టు అంచుని విరగ్గొట్టుకుని కిందికి దిగబడింది. ఎత్తు పెంచిన బండి ఒరిగితే మామూలు బండిలా ఒరగదు. కాలువ మీదికి అలా వంగి ఆగింది. లోపల నా బిడ్డ.

గొడుగు ఎక్కడ పారేశానో తెలీదు. నేను వెళ్ళేసరికి మా వారు అమ్మాయిని పైవైపు నించి బయటికి లాగుతున్నారు. నడుం దాకా బురద. పరీక్ష అట్ట మాత్రం తల మీద ఎత్తి పట్టుకుంది.

“అమ్మా, తొమ్మిదిన్నరకి పరీక్ష. నేను నడిచెళ్ళిపోతా.”

“ఆగవే, దెబ్బలేమన్నా...”

ఆగలేదు. చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు మీద పడుతూ లేస్తూ వెళ్ళిపోయింది. బస్సు దొరకలేదు. మధ్యాహ్నం అదే గట్టు మీద తిరిగొచ్చి, నూతి దగ్గర కాళ్ళు కడుక్కుని, అట్ట తుడిచి గూట్లో పెట్టింది. ఏడ్చినా బాగుండేది.

జీపుని రెండు జతల ఎడ్లు కట్టి లాగారు. “ఏవండోయ్, ఏనుగుని ఎడ్లు ఈడుస్తున్నాయి రండి!” అని ఊరు ఊరంతా నవ్వింది.

సాయంత్రం బావగారు వాకిట్లో పడక్కుర్చీలో కూర్చుని, మా వారిని పిలిచి చెప్పారు. “గట్టే పాడురా. దాని మీద ఏ టైరూ ఆగదు. పిల్లని ఇంట్లో ఉంచండి. ఎప్పుడో ఓ ఏడు ప్రైవేటుగా కట్టిద్దాం పరీక్షకి.”

నేను తలుపు వెనక నించి మా వారితో అన్నాను, “టైర్లు మార్చమనండి.”

“అన్నయ్యా, టైర్లు మారిస్తే ఏమన్నా...”

“పూజ చేసిన చక్రాలు పీకేస్తే ఇంటికి అరిష్టం. చెప్పు మీ ఆవిడకి. పొద్దస్తమానం పూజలు చేస్తుంది కదా, ఆ మాత్రం తెలీదా?”

అక్కడ తెగింది నాకు. గట్టునన్నందుకు కాదు, నన్నన్నందుకు కూడా కాదు. గడప దాటి వాకిట్లోకి వెళ్ళాను.

“బావగారూ.”

ఆయన నా వైపు చూడలేదు. మా వారి వైపే చూశారు. “ఏంట్రా ఇది?”

“ఆయన్ని కాదండీ, నన్నడగండి. పెళ్ళై వచ్చిన దగ్గర్నించీ ఈ ఇంట్లో దీపం పెట్టని పొద్దు లేదు. ఆ స్వామి ఎప్పుడూ నాతో వెడల్పు టైర్లు కావాలనలేదు. షోకుకి పోయి మీరు తెచ్చారు. తప్పు మీది. ఆ తప్పుకి స్వామిని అడ్డం పెట్టుకోకండి.”

“ఒరేయ్, నోరు లేస్తోంది మీ ఆవిడకి.”

“పదహారేళ్ళకి లేచిందండీ. నా కూతురు ఇవాళ కాలువలో పడాల్సింది. ఇదిగో టేపు. రండి గట్టు మీదికి, మీ చేత్తోనే కొలవండి. జాడ ఏడంగుళాలు, మీ టైరు తొమ్మిదిన్నర. ఇందులో అరిష్టం ఎక్కడుందో నాకు చూపించండి.”

మా వారు నన్ను చూస్తున్నారు, అన్నగారిని చూస్తున్నారు, నేలని చూస్తున్నారు. బావగారు లేచి కండువా దులుపుకుని, “మీ ఇష్టమొచ్చినట్టు చావండి” అని వీధిలోకి వెళ్ళిపోయారు. నేను దాన్ని అనుమతిగానే తీసుకున్నాను.

నాకు టైఫాయిడ్ వచ్చిన ఏడు, వాన్లో పడవ మాట్లాడి, తెడ్డు వేసేవాడు తాగి ఉంటే తనే తెడ్డు వేసి నన్ను ఆసుపత్రికి చేర్చింది ఆ మనిషే. ఆ మేలు నేను మరిచిపోలేదు. మరిచిపోకుండానే అన్నాను ఆ మాటలన్నీ. కోపం మాత్రం ఒక్క రవ్వ తగ్గలేదు.

గట్టు ఆరిన మూడో రోజు ఇద్దరం రాజమండ్రి వెళ్ళాం. తారురోడ్డు ఎక్కగానే ఆ దిక్కుమాలిన టైర్లు పెళ్ళికొడుకుల్లా నడిచాయి. అదీ నా ఒళ్ళు మండించింది.

కొట్టాయన మా వారికి కుర్చీ వేశాడు. నన్ను చూడనైనా చూడలేదు.

“ఏం సార్, అప్పుడే వచ్చారు? బండి అదిరిందంటారా?”

“టైర్లు మార్చాలండి. సన్నవి వేయాలి,” అన్నాను నేనే.

ఆయన జీపు చుట్టూ తిరిగి చూసి నాలిక కరుచుకున్నాడు. “పసుపు రాసేశారు కదండీ! నిమ్మకాయలు కూడా తొక్కించేశారు. ఇప్పుడివి ఎవరికని అమ్మనండీ? కొత్త టైరు కొనేవాడు ముందు చూసేది అదే. ఇంకోడి పూజ చేసిన చక్రం నాకెందుకంటాడు. కడిగినా బటన్ల సందుల్లో పచ్చగా కనపడుతూనే ఉంటుందండీ. నడిపి చూసుకుని పూజ చేయించుకోవాలండీ ఎవరైనా.”

నేను మా వారి వైపు చూశాను. ఆయన చాలా శ్రద్ధగా గోడ మీద క్యాలెండరు చదువుకుంటున్నారు.

“నష్టానికే తీసుకోండి,” అన్నాను. “ఎంత తరుగు పోతే అంత పోనివ్వండి.”

కొట్టాయన నాకు కాక మా వారికి జవాబు చెప్పబోయాడు. “అంటే సార్...”

“ఆవిడ చెప్పింది కదండీ,” అన్నారు మా వారు. పదహారేళ్ళలో నా మాటని మార్చకుండా అందించింది అదే మొదటిసారి. సంతోషించాలి. ఆలస్యమైందనే అనిపించింది.

“సన్నవి ఎవరూ వాడట్లేదండీ ఇప్పుడు,” అని గొణుక్కుంటూనే లోపల్నించి రెండు టైర్లు దొర్లించుకొచ్చాడు. పక్కన అచ్చుపోసిన అంకెలు చదివాను. ఆరొందలు, పదహారు. అంటే వెడల్పు ఆరంగుళాలు, మా పాత రిముకి సరిపోయే పదహారు. ఆయన మొదటిసారి నా వైపు తిరిగాడు. “అమ్మగారు ఎంతవరకు చదువుకున్నారండీ?” టైరు భుజం మీద వేలు పెట్టి రాస్తే చుట్టూ సన్నగా అతుకు గీత తగిలింది.

“ఇది రీబటనండీ. అరిగినదాని మీద కొత్త తొడుగు వేశారు.”

“కొత్తదానిలాగే ఉంటుందండీ అమ్మగారూ, లారీలన్నీ వాటి మీదే...”

“లారీలో నా కూతురు కూర్చోదండీ. కొత్తవి తీయండి. నాలుగూ ఒక్కటే కొలత, ఒక్కటే రకం. స్టెప్నీ కూడా.”

మా పాత రిమ్ములు కొట్టు వెనక తుక్కులో ఉన్నాయి. నాలుగింటినీ ఏరించి, ఒక్కొక్కటే జాకీ మీద ఎత్తిన బండికి బిగించి చేత్తో తిప్పమన్నాను. మూడు తిన్నగా తిరిగాయి. నాలుగోది తిరుగుతూ తిరుగుతూ పక్కకి ఊగుతోంది. “కొంచెమేనండీ,” అన్నాడాయన. “కొంచెం కూడా వద్దండీ,” అన్నాను. గొణుక్కుంటూ మరోటి వెతికిచ్చాడు. నేను నిలబడే ఉన్నాను, ఆఖరి నట్టు బిగించేదాకా. కుర్చీ వేశారు చివరికి. కూర్చోలేదు.

తర్వాత్తర్వాత ఊళ్ళో మరో ఇద్దరు జీపులు కొని సన్న టైర్లే వేయించారు. మా గట్టుకి అవే సరైనవని మా బావగారు సలహా ఇచ్చారట. ఎవరు చెబితే ఏం, మరో ఇద్దరి పిల్లలు రోడ్డెక్కారు, దేవుడి దయ. అయినా ఆ సలహా సంగతి విన్న రోజు అన్నం సహించలేదు నాకు.

టైర్లు మార్చిన వారానికే మళ్ళీ వాన పట్టింది. ఈసారి నేనూ బండెక్కాను, వెనక సీట్లో. మా వారు మెల్లగా గట్టు మీదికి తీశారు. ముందు చక్రాలు ఒక్క కుదుపుతో జాడలోకి దిగాయి. వెనకవీ దిగాయి. అంతే, ఇంక స్టీరింగు తిప్పే పనే లేదు. నీళ్ళు రెండు పక్కలా చిమ్ముకుంటూ బండి తనంతట తనే పోతోంది. అంచు విరిగిన చోటు వచ్చింది. అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఆ చోటు దాటిపోయాం. నీళ్ళు అడ్డంగా పారే రెండు చోట్లూ దాటాం. పావుగంటలో తారురోడ్డు.

అమ్మాయి దిగింది. తెల్ల మేజోళ్ళ మీద చుక్క బురద లేదు. బస్సొచ్చింది, ఎక్కింది, కిటికీ దగ్గర సీటు దొరికింది కాబోలు, పుస్తకం తీసింది. మా వైపు చూడను కూడా చూడలేదు.

“చూశావా, ఎంత సులువుగా వచ్చేశామో!” అన్నారు మా వారు.

ఆ మాటకి నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. సంతోషమనుకుని ఆయన నవ్వారు. కాదు. ఎంత సులువు! పావుగంట ప్రయాణం, రెండున్నర అంగుళాల తేడా. ఇంతేనా? ఇంతకేనా నా కూతురు ఏడాది వానాకాలమంతా ఇంట్లో కూర్చుంది, లెక్కల పరీక్ష పోగొట్టుకుంది, కాలువ మీదికి వంగిన బండిలో కూర్చుంది? చిన్నప్పుడు మా కాలువ మీద ఆ దుంగ పక్కన ఇంకో దుంగ వేసి, పట్టుకోవడానికి ఒక తాడు కట్టి ఉంటే నేనూ వెళ్ళేదాన్ని. ఎవరికీ పెద్ద కష్టం కాదు. ఎవరూ చెయ్యలేదు. కష్టమైనది చెయ్యలేకపోతే క్షమించగలను. పావుగంట పనిని ఏళ్ళ తరబడి చెయ్యనివాళ్ళని ఏమనుకోవాలో నాకిప్పటికీ తెలీదు. స్వామికి దణ్ణం పెట్టుకున్నాను, బిడ్డని చేర్చినందుకు. మనుషులకి పెట్టబుద్ధి కాలేదు.

“ఇంకా కోపమేనా?” అన్నారు మా వారు, నా మొహం చూసి.

“అవునండి.”

“మార్చేశాం కదే టైర్లు.”

“మార్చాం. సాయంత్రం నాలుగున్నర బస్సుకి దిగుతుంది. ఆలస్యం చెయ్యకండి.”